నాలుగు రోజుల వియత్నాం: హనోయ్ ఒక్కటే చాలా, సైగాన్ కూడా కలపాలా?

గోదారిగట్టు

నమస్కారం అండీ. ఇంట్లో వారం రోజులుగా ఒకటే వాదన, ఎటూ తేలడం లేదు. వెళ్లొచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారని అడుగుతున్నాను.

నవంబర్‌లో అమ్మానాన్నలను వియత్నాం తీసుకెళ్తున్నాను. రానూపోనూ పోగా చేతిలో ఉండేవి నాలుగు రోజులు. నాన్నకు 69 ఏళ్లు, హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. వియత్నాం యుద్ధం వార్తలు రేడియోలో వింటూ కాలేజీ చదివిన తరం. హోచిమిన్ పేరెత్తితే ఇప్పటికీ చేతిలో పేపర్ పక్కన పెట్టి మాట్లాడతారు. అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినదు. మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి.

ఏజెంట్ ఇచ్చిన ప్లాన్ ఇదీ: మొదటి రోజు హనోయ్, రెండో రోజు హాలాంగ్ బే, మూడో రోజు విమానంలో సైగాన్ (ఇప్పటి హోచిమిన్ సిటీ), నాలుగో రోజు యుద్ధంలో గెరిల్లాలు దాక్కున్న కూచీ సొరంగాలు, ఆ రాత్రే తిరుగు ప్రయాణం. మా తమ్ముడేమో "అంత దూరం వెళ్లి ఒక్క ఊరు చూసి వస్తారా" అంటాడు. నాకు మాత్రం ఒకే ఊళ్లో నాలుగు రోజులూ ఉండి ఆ దేశం చరిత్ర, తిండి, మనుషులు బతికే తీరు నిదానంగా చూడాలని ఉంది. అలా ఉండేట్టయితే ఏ ఊరు? హనోయా, సైగానా?

విశాఖ_తీరం

సరిగ్గా ఈ ప్లానే మేం రెండేళ్ల కిందట చేశాం, అందుకే గట్టిగా చెబుతున్నాను, వద్దు. హాలాంగ్ రోజున పొద్దున ఎనిమిదికి వ్యాన్ ఎక్కితే రాత్రి ఎనిమిదిన్నరకు హోటల్ దగ్గర దించారు. అందులో నీళ్ల మీద ఉన్నది నాలుగు గంటలు. అందానికి వంక పెట్టను, సముద్రంలోంచి సున్నపురాతి కొండలు వందల్లో లేచి నిలబడి ఉంటాయి. కానీ మీరు అడిగింది అది కాదు కదా. ఇక హనోయ్ నుంచి సైగాన్‌కు విమానం రెండు గంటలే అంటారు. హోటల్ ఖాళీ చేసి, ఎయిర్‌పోర్టులో కూర్చుని, అక్కడ దిగి మళ్లీ ట్రాఫిక్‌లో ఊళ్లోకి చేరేసరికి పొద్దు వాలుతుంది. అమ్మగారి మోకాళ్ల సంగతి కూడా చూసుకోవాలి.

ఒక్క ఊరే అయితే నేను హనోయ్ అంటాను. 1010లో లీ థాయ్ తో అనే రాజు రాజధానిని ఇక్కడికి మార్చి థాంగ్‌లాంగ్ అని పేరు పెట్టాడు, పైకెగిరే డ్రాగన్ అని అర్థం. ఈ శతాబ్దం మొదట్లో కోట దగ్గర తవ్వితే లీ, త్రాన్, లే వంశాల కట్టడాల పునాదులు ఒకదాని మీద ఒకటి బయటపడ్డాయి. వెయ్యేళ్లు ఒకే గుంటలో కనిపిస్తాయి.

నాన్నగారు టీచర్ అన్నారు కాబట్టి ఒక్క చోటు గురించి కాస్త వివరంగా రాస్తాను. వాన్ మియెవ్, అంటే సాహిత్య ఆలయం. 1070లో కన్ఫ్యూషియస్ పేరు మీద కట్టారు. ఆరేళ్లకు పక్కనే విద్యాపీఠం పెట్టారు. లోపల వరసగా రాతి తాబేళ్లు, ఒక్కోదాని వీపు మీద నిలువెత్తు శాసనం, మొత్తం 82. 1442 నుంచి 1779 దాకా జరిగిన రాజపరీక్షల్లో నెగ్గినవాళ్ల పేర్లు వాటి మీద చెక్కారు. పరీక్షల ముందు పిల్లలు వచ్చి తాబేలు తల నిమిరి మొక్కుకునేవారట. నిమిరి నిమిరి కొన్ని తలలు నున్నగా అయిపోయాయి, ఇప్పుడు చేతికి అందకుండా అడ్డు పెట్టారు. మేం వెళ్లిన రోజు డిగ్రీ పట్టా అందుకున్న ఆడపిల్లలు గౌన్లు వేసుకుని, అమ్మానాన్నలను వెంటబెట్టుకుని ఆ రాళ్ల ముందు ఫొటోలు దిగుతున్నారు. ఆ తల్లిదండ్రుల ముఖాలు చూస్తే అది మ్యూజియం అనిపించలేదు.

కెమెరా_కన్ను

విశాఖ అక్క చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. ఒక్క ఊళ్లోనే ఉండండి, కానీ ఆ ఊరు సైగాన్ అవ్వాలి.

అన్నా, మీ నాన్నగారు రేడియోలో విన్నది లీ థాయ్ తో గురించి కాదు. 1975 ఏప్రిల్ 30న ఉత్తర వియత్నాం ట్యాంకులు సైగాన్‌లో దక్షిణ వియత్నాం అధ్యక్ష భవనం గేట్లు గుద్దుకుని లోపలికి వెళ్లిన వార్త. ఆ భవనం ఇప్పటికీ అలాగే ఉంది. మంత్రివర్గం కూర్చున్న బల్ల, కింద బంకర్లో పాత రేడియో సెట్లు, గోడల నిండా మ్యాపులు. అలాంటి ట్యాంకులే తోటలో నిలబెట్టారు. ఆయన వయసు మనిషికి ఆ గేటు ముందు నిలబడటం వేరు.

అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలోనే యుద్ధ అవశేషాల మ్యూజియం. బయట అమెరికా విమానాలు, హెలికాప్టర్. పైన ఒక గది ఉంది, ఆ యుద్ధంలో చనిపోయిన ఫొటోగ్రాఫర్లు తీసిన చిత్రాలన్నీ అక్కడ పెట్టారు, రెండు వైపుల వాళ్లవీ. ఫొటోలు తీయడమే నా పని కాబట్టి ఆ గదిలోంచి బయటకు రావడానికి నాకు గంట పైన పట్టింది. అమెరికా చల్లిన విష రసాయనం ఏజెంట్ ఆరెంజ్ గది మాత్రం చాలా కష్టం, అమ్మగారిని ముందే అడిగి తీసుకెళ్లండి.

కూచీ సొరంగాలు మాత్రం తీసేయండి. ఊరికి అరవై, డెబ్బై కిలోమీటర్లు, పైగా వంగి పాకాలి. టూరిస్టుల కోసం కాస్త వెడల్పు చేసిన భాగంలోనే నాకు ఊపిరాడలేదు.

విశాఖ_తీరం

యుద్ధం సైగాన్‌లోనే జరిగిందని ఎవరన్నారు తమ్ముడూ? 1972 డిసెంబర్‌లో పన్నెండు రోజుల పాటు అమెరికా బి-52 బాంబర్ విమానాలు వచ్చి హనోయ్ మీద బాంబులు వేశాయి. ఖామ్ థియెన్ అనే వీధి నేలమట్టమైంది. కూలిన బి-52 ముక్క ఒకటి ఇప్పటికీ ఇళ్ల మధ్య చిన్న చెరువులో, పడ్డచోటే ఉంది. చుట్టూ జనం కూరగాయలు కొనుక్కుంటూ, పిల్లల్ని బడికి తీసుకెళ్తూ ఉంటారు. కోట లోపల డి67 అనే ఇల్లు ఉంది, 1968 నుంచి 1975 దాకా యుద్ధాన్ని నడిపించింది అక్కడి నుంచే. ఆ సైగాన్ గేటు దాకా వెళ్లిన ట్యాంకులకు ఆదేశం వెళ్లిందీ హనోయ్ నుంచే.

గుంటూరు_మిరప

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇద్దరూ వదిలేసిన విషయం ఒకటుంది. సైగాన్ చరిత్ర మ్యూజియంలో దోంగ్ దువోంగ్ బుద్ధుడి కంచు విగ్రహం ఉంది. 1911లో క్వాంగ్ నామ్ ప్రాంతంలో దొరికింది. అది అమరావతి శైలి అని కొందరు పండితులు, శ్రీలంక శైలి అని మరికొందరు అంటారు. ఏదైనా మన కృష్ణా తీరం శిల్పం సముద్రం దాటి ఎంత దూరం వెళ్లిందో దాని ముందు నిలబడితే తెలుస్తుంది. కుడి భుజం వదిలేసి కట్టిన చీవరం, అంటే భిక్షువు వస్త్రం, ఎడమ చేతి మీంచి జారే మడతలు. నేను అమరావతి మ్యూజియం వంద సార్లు చూసినవాణ్ణి, చూడగానే ఒళ్లు జలదరించింది. ఆ విగ్రహం దొరికింది చామ్ జనం పాత రాజ్యం చంపాలో, అందులో ఆ ప్రాంతం పేరు కూడా అమరావతే. తెలుగువాడు వియత్నాం వెళ్లి ఇది చూడకుండా వస్తే ఎలా?

ముషీరాబాద్_సార్

మిరప గారూ, మీ అభిమానం అర్థమైంది, కానీ నేను ఒప్పుకోను. చంపా వియత్నాం చరిత్రలో ఒక పాయ, అదీ ఎక్కువగా మధ్య ప్రాంతానిది. వాళ్ల మై సన్ గుళ్లు, దనాంగ్‌లోని చామ్ శిల్పాల మ్యూజియం చూడటానికే ఒక ప్రయాణం పెట్టుకోవాలి. ఒక్క విగ్రహం కోసం ఊరు మార్చడం న్యాయం కాదు. పైగా పరాయి దేశం పోయి ముందు మన చుట్టరికం వెతుక్కుంటే వాళ్లను చూసేదెప్పుడు? వెయ్యేళ్లు చైనా పాలన కింద ఉండి కూడా తమ భాష, తమ పేరు పోగొట్టుకోని జనం వాళ్లు. క్రీ.శ. 40లో త్రుంగ్ అక్కచెల్లెళ్లు చైనా మీద తిరగబడ్డారు, 938లో న్గో క్వేన్ బాక్ దాంగ్ నది దగ్గర చైనా పడవలను ఓడించాడు. ఆ కథ వినాలంటే ఉత్తరానికే పోవాలి. సైగాన్ ప్రాంతంలో వియత్నాం పాలన మొదలైంది 1698లో. 1859కల్లా ఫ్రెంచివాళ్లు పట్టుకున్నారు.

నేను నలభై ఏళ్లు హిస్టరీ చెప్పిన. వాన్ మియెవ్‌లో నన్ను ఆపేసింది ఇంకో విషయం. ఆ శాసనాలన్నీ చైనా లిపిలో ఉన్నాయి. ఈనాటి వియత్నామీలు రాసేది రోమన్ అక్షరాల్లో, దాన్ని క్వోక్ న్గూ అంటారు. మా పక్కన నిలబడ్డ పిల్లవాడు తన పూర్వీకుల పేర్లున్న రాయిని తానే చదవలేడు. గైడ్ దాన్ని చాలా మామూలుగా చెప్పింది. నాకు మాత్రం ఆ రోజంతా మన తాళపత్రాలే గుర్తొచ్చినయి.

మనతో చుట్టరికం కావాలంటే హనోయ్‌లోనూ ఉంది, దాని కోసం పనిగట్టుకుని పోవక్కర్లేదు. పశ్చిమ సరస్సు ఒడ్డున త్రాన్ క్వోక్ అనే పగోడా, ఊళ్లో అన్నిటికన్నా పాతది. అక్కడున్న బోధివృక్షం 1959లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తెచ్చింది. 1954 అక్టోబర్‌లో, ఫ్రెంచివాళ్లు హనోయ్ ఖాళీ చేసిన వారం రోజులకే నెహ్రూ అక్కడికి వెళ్లిండు. దేశాన్ని రెండు చేసిన జెనీవా ఒప్పందం అమలు చూసే కమిషన్‌కు అధ్యక్షత వహించింది కూడా మన దేశమే.

గుంటూరు_మిరప

సార్, చుట్టరికం వెతకడం తప్పని నేను అనుకోను. మనిషి తనకు తెలిసిన దాన్ని పట్టుకునే తెలియని దాంట్లోకి వెళ్తాడు. బోధివృక్షం గురించి చెప్పి మీరు చేసిందీ అదే కదా. సరే, నాలుగు రోజులకు ఊరు మార్చమనడం ఎక్కువేనేమో, ఆ మాట వెనక్కి తీసుకుంటాను. సైగాన్ వెళ్లేవాళ్లు మాత్రం ఆ మ్యూజియం వదలొద్దు.

వంటింటి_ముచ్చట్లు

చరిత్ర గురించి మీరు మాట్లాడుతున్నారు కాబట్టి నేను తిండి గురించి రాస్తాను. మా వారి ఉద్యోగం మీద సైగాన్‌లో మూడేళ్లు ఉన్నాం, హనోయ్ నాలుగైదు సార్లు వెళ్లాను.

ముందు అమ్మగారి సంగతి. టెన్షన్ పడకండి, కానీ ఏ హోటలైతే ఆ హోటల్లోకి వెళ్లి "వెజ్" అంటే మాత్రం పని జరగదు. ఆకుకూర వేపుడులో కూడా నువోక్ మామ్, అంటే చేపల సాస్ పడుతుంది. కూరగాయల సూప్‌కు ఎముకల రసం వాడతారు. మీరు వెతకాల్సిన మాట "చాయ్". మన టీ కాదు, శాకాహారం అని. బోర్డు మీద "కోమ్ చాయ్" అని ఉంటే అది బౌద్ధుల శాకాహార హోటల్. అక్కడ చాలా చోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. వాళ్ల చాంద్రమానం నెలలో ఒకటో తారీఖు, పదిహేనో తారీఖు, అంటే మన అమావాస్య, పౌర్ణమి లాంటి రోజుల్లో మామూలు జనం కూడా చాయ్ తింటారు. ఆ రోజు ఈ హోటళ్లు కిటకిటలాడతాయి. మీ తేదీల్లో అలాంటి రోజు పడుతుందేమో క్యాలెండర్ చూసుకోండి. ఒక్క జాగ్రత్త. సోయాతో, పుట్టగొడుగులతో చేపముక్కలాగా, మాంసంలాగా అచ్చం అదే ఆకారంలో చేసి పెడతారు. మా అత్తగారు ప్లేటు చూసి లేచి వెళ్లిపోయారు. ముందే చెప్పి కూర్చోబెట్టండి. గుడ్డు వద్దని కూడా విడిగా చెప్పాలి.

ఈ విషయంలో సైగాన్ కాస్త సుఖం. చాయ్ హోటళ్లు అడుగడుగునా దొరుకుతాయి. తమిళులు కట్టిన మారియమ్మన్ గుడి కూడా ఊరి నడిబొడ్డునే ఉంది, వియత్నాం ఆడవాళ్లు అగరొత్తులు పట్టుకుని వచ్చి గోడకు నుదురు ఆనించి మొక్కుకుంటారు.

ఇక ఫో, అంటే వాళ్ల నూడుల్స్ సూప్. ఇది పుట్టింది ఉత్తరాన. 1954లో దేశం చీలినప్పుడు ఉత్తరం నుంచి లక్షల మంది దక్షిణానికి తరలిపోయారు, ఫో వాళ్లతో పాటు వెళ్లింది. హనోయ్‌లో గిన్నెలో పలచటి రసం, సేమ్యా లాంటి బియ్యపు పట్టీలు, మాంసం, ఉల్లికాడలు, అంతే. సైగాన్‌లో పక్కన ఇంకో పళ్లెం నిండా తులసి లాంటి ఆకులు, మొలకలు, నిమ్మ, తియ్యటి సాస్ పెడతారు. హనోయ్ వాళ్లు ఆ పళ్లెం చూస్తే రుచి పాడు చేశారంటారు. నాకు హనోయ్ ఫోనే ఇష్టం, మూడేళ్లు ఉన్న ఊరికి అన్యాయం చేసినా సరే. "ఫో బో" అంటే గొడ్డు మాంసం, "ఫో గా" అంటే కోడి, నాన్నగారు తినేదాన్ని బట్టి అడగండి.

హనోయ్ గుడ్డు కాఫీ నాన్నగారికి తాగించండి. 1946లో పాలు దొరకని రోజుల్లో ఒక హోటల్ ఉద్యోగి పాలకు బదులు పచ్చసొన గిలక్కొట్టి చేశాడు. కప్పు చల్లారకుండా వేడినీళ్ల గిన్నెలో పెట్టి తెస్తారు. పైన మీగడలా పచ్చటి నురుగు, కింద చేదు డికాషన్. కలపకుండా ముందు చెంచాతో నురుగు తినాలి. వాసన ఏమాత్రం రాదు. అమ్మగారికి కొబ్బరి కాఫీ చెప్పండి.

కెమెరా_కన్ను

వంటింటి అక్కా, మీరే చెప్పారు చూడండి, ఫో దక్షిణానికి నడిచి వచ్చిందని. నేననేదీ అదే. సైగాన్‌లో ఉత్తరం వాళ్లున్నారు, దక్షిణం వాళ్లున్నారు, చోలోన్ అనే పేటలో చైనా వాళ్లున్నారు. ఆ దేశమంతా ఒక్క ఊళ్లో దొరుకుతుంది. ఇంకో మాట. హనోయ్‌లో మీకు కథ చెప్పేది గెలిచినవాళ్లు. హోవాలో జైలుకు వెళ్లండి, ఫ్రెంచివాళ్లు పెట్టిన బాధలు గది గదికీ చూపిస్తారు. యుద్ధంలో అక్కడ బందీలుగా ఉన్న అమెరికా పైలట్ల గదికి వచ్చేసరికి బాస్కెట్‌బాల్ ఆడుతున్న ఫొటోలే ఉంటాయి. సైగాన్ మ్యూజియం చెప్పేదీ గెలిచినవాళ్ల కథే, కానీ గేటు దాటి బయటకు వస్తే ఓడినవాళ్లు, వాళ్ల పిల్లలు ఉంటారు. నేను దిగిన ఇంటి పెద్దావిడ "హోచిమిన్ సిటీ" అని ఒక్కసారి కూడా అనలేదు, ఎప్పుడూ సైగాన్ అనే అంది. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆ మౌనం కూడా చరిత్రే.

విశాఖ_తీరం

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. నిజమే. కానీ భాష రాకుండా నాలుగు రోజుల్లో ఆ మౌనం ఎంతమందికి అందుతుంది? చూడగానే అందేవి హనోయ్‌లో ఎక్కువ. పాత బజారులో హాంగ్ థియెక్ అనే వీధిలోకి వెళ్తే సందు మొదట్లోనే రేకులు కొట్టే చప్పుడు వినిపిస్తుంది, పేరుకు అర్థమే తగరం వీధి. హాంగ్ మా వీధిలో పోయినవాళ్లకు కాల్చి పంపే కాగితపు ఇళ్లు, చొక్కాలు, ఫోన్లు వేలాడదీసి ఉంటాయి. నీళ్ల బొమ్మలాట ఉంది, బొమ్మలాడించేవాళ్లు వెదురు తెర వెనక నడుం లోతు నీళ్లలో నిలబడతారు. వరిచేలల్లో పుట్టిన ఆట అది. దానికి భాష అక్కర్లేదు.

గోదారిగట్టు

మూడు రోజులుగా మీరు రాసినదంతా రాత్రి భోజనాల దగ్గర నాన్నకు చదివి వినిపించాను. సైగాన్ గేటు దగ్గరకు వచ్చినప్పుడు ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కెమెరా అన్న చెప్పినట్టే, ఆ రోజు రేడియో ఎవరింట్లో విన్నారో కూడా గుర్తుందట. నేను సైగానే అంటారనుకున్నాను.

తర్వాత ఆ తాబేళ్ల భాగం మళ్లీ చదవమన్నారు. "పేర్లతో పాటు ఊళ్లు కూడా చెక్కారా?" అని అడిగారు. నాకు తెలియలేదు.

ముషీరాబాద్_సార్

చెక్కారు. పేరు పక్కనే సొంత ఊరు ఉంటది.

గోదారిగట్టు

సార్, ఆ మాట చెప్పగానే నాన్న తేల్చేశారు. హనోయ్, నాలుగు రోజులూ. హాలాంగ్ లేదు. తమ్ముడు ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. టికెట్లు కూడా తీసేశాను. గురువారం రాత్రి దిగుతాం, శుక్ర, శని, ఆది, సోమ వారాలు అక్కడ, మంగళవారం పొద్దున్నే బయలుదేరతాం.

విశాఖ_తీరం

ఆగండి, రోజులు చూసుకోవాలి. హోచిమిన్ సమాధి సోమ, శుక్రవారాలు మూసి ఉంటుంది. తెరిచిన రోజుల్లోనూ పొద్దున పూటే, పదకొండు లోపే. కాబట్టి శనివారమో ఆదివారమో ఏడున్నరకల్లా లైన్లో ఉండండి. లోపల టోపీ, ఫొటో, మాట ఏవీ కుదరవు, మోకాళ్ల కిందికి వచ్చే బట్టలు వేసుకోవాలి. ఏడాదిలో కొన్ని వారాలు మరమ్మతుల కోసం మూస్తారు కూడా, బయలుదేరే ముందు కనుక్కోండి. వెనకాల ఆయన ఉన్న రెండు గదుల చెక్క ఇల్లు తప్పక చూడండి. 54 జాతుల ఇళ్లు, బట్టలు చూపించే మ్యూజియం కూడా సోమవారం సెలవే, అది శుక్రవారం పెట్టుకోండి. వాన్ మియెవ్ సోమవారం పొద్దున చూడండి, జనం తక్కువ. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా హోవాన్ కియెమ్ సరస్సు చుట్టూ బండ్లు రానివ్వరు, అమ్మగారు హాయిగా నడవొచ్చు.

వంటింటి_ముచ్చట్లు

డబ్బుల దగ్గర జాగ్రత్త. 20 వేల డాంగ్ నోటు, 5 లక్షల డాంగ్ నోటు రెండూ నీలంగానే ఉంటాయి. మొదటి వారంలోనే కొబ్బరిబోండానికి 20 వేలనుకుని 5 లక్షలు ఇచ్చేశాను. మన డబ్బుల్లో పదహారు వందల దాకా. ఆ అమ్మాయి వీధి చివరిదాకా పరుగెత్తుకుంటూ వచ్చి తిరిగి ఇచ్చింది. ప్రతిసారీ అలా జరుగుతుందని అనుకోలేం. పెద్ద నోట్లు వేరే జేబులో పెట్టండి. నవంబర్ చివరైతే అమ్మగారికి ఒక స్వెట్టర్ కూడా. హనోయ్‌లో చలి ఉంటుంది, సైగాన్ లాగా కాదు.

కెమెరా_కన్ను

అన్నా, మీ ఇష్టం. నాన్నగారికి ఓపిక ఉండగానే ఇంకోసారి సైగాన్ తీసుకెళ్లండి, అంతే నేను అడిగేది. హనోయ్‌లో ఒక్క పని చేయండి. తెల్లవారుజామున లాంగ్ బియెన్ వంతెన మీదికి నడవండి. ఫ్రెంచివాళ్లు కట్టింది, అమెరికా మళ్లీ మళ్లీ బాంబులు వేసింది, వాళ్లు మళ్లీ మళ్లీ అతుకు వేసుకున్నారు. ఆ అతుకులు ఇనుప చట్రాల వరసలో ఇప్పటికీ తెలుస్తాయి. అక్కడ నాన్నగారి ఫొటో ఒకటి తీసి ఇక్కడ పెట్టండి.

గోదారిగట్టు

తప్పకుండా అన్నా. శనివారం సమాధి, ఆదివారం తెల్లారి వంతెన, సోమవారం తాబేళ్లు. నాన్న పుస్తకంలో రాసుకున్నారు.